బొట్టు పెట్టి ఇచ్చిన ముక్క

నాలుగు రోజుల ముసురు వదిలాక, ఆ శుక్రవారం పొద్దున ఆకాశం నీలిమందు పెట్టి ఆరేసిన పంచెలా ఉంది. మబ్బు తునక లేదు. ఈ సంగతి నాకెలా తెలిసిందంటే, సరిగ్గా అప్పుడే మంగరత్నం బీరువా తలుపు తీసింది. తీసిందనడం కూడా సరికాదు. ఆవిడ పిడి తిప్పిందంతే, మిగతా పని మేమే చేశాం. పై అర మొదలుకొని అందరం ఒక్కసారిగా ఆవిడ మీద పడ్డాం.

నేను ఒక జాకెట్టు ముక్కను. రంగు చిలకపచ్చ. పుట్టింది ఏదో మిల్లులో. ఏ ఊరో తెలియదు, అక్కడ నేనింకా తానులో భాగాన్నే. తాను కోసి, నన్ను విడదీసి, నాలుగు మడతలు పెట్టి, నడుమ అట్ట దోపి తణుకులో ఒక బట్టల కొట్టుకు పంపారు. మనుషులకు పుట్టగానే పేరు పెడతారు, మాకు మడత పెడతారు. ఆ మడత విప్పే పుణ్యాత్ములు తగలడం మా జాతిలో బహు అరుదు. మమ్మల్ని కుట్టించుకోవడానికి కొనరు, ఇవ్వడానికి కొంటారు. పుచ్చుకున్నవాళ్ళు కూడా ఇంకొకరికి ఇవ్వడానికే దాస్తారు. బీరువాలో నా పక్కనున్న వంగపండు రంగు ముక్క పదకొండేళ్ళలో పద్నాలుగు గృహప్రవేశాలు చూసింది. ఒక్క ఒంటి వెచ్చదనం ఎరగదు.

నాది అంత తిరుగుడు కాదు. నన్ను కొన్నది అచ్చియ్యమ్మ. మంగరత్నం భర్త గంగరాజుకు అక్క, రెండు వీధుల అవతల ఉంటుంది. బోరు నీళ్ళ వంతు దగ్గర ఆడపడుచుకీ మరదలికీ మాట తేడా వచ్చి, రెండేళ్ళపాటు ఎదురుపడితే ఒకరు గోడ వైపు, ఒకరు మురుక్కాలవ వైపు చూసుకుంటూ నడిచారు. చివరికి పెద్దది తనే కనక అచ్చియ్యమ్మ తగ్గింది. ఇంట్లో బోలెడు ముక్కలున్నా వాటిని ముట్టకుండా బస్సెక్కి తణుకు వెళ్ళింది. కొట్టువాడి చేత నలభై ముక్కలు దింపించి, ఒక్కొక్కదాన్నీ రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి నన్ను ఏరుకుంది. కొత్త గుడ్డ కదా అని మూలన పసుపు పెట్టింది. ఆవిడ బొటనవేలి మీద పాత కొడవలి గాటు ఒకటుంది. అందుకని నా పసుపు చుక్క రెండు చెక్కలుగా పడింది.

మరదలికి బొట్టు పెట్టి నన్ను చేతిలో పెట్టింది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. ఆ వారం నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం అచ్చియ్యమ్మ భోజనం తమ్ముడింట్లోనే. నన్ను మాత్రం మంగరత్నం అపురూపంగా పై అరలో పెట్టి, తర్వాత వచ్చిన ముక్కలన్నీ నా మీద పేర్చుకుంటూ పోయింది. ఏడాదిన్నర అయ్యేసరికి నేను ఎక్కడున్నానో ఆవిడకు తెలియదు, ఎందుకున్నానో నాకు తెలియదు.

ఇక ఆ శుక్రవారం. కుప్పలోంచి పైకి లేచి, నెత్తి మీది చీర తీసేసుకుంటూ మంగరత్నం ఒట్టు పెట్టుకుంది. కట్టేవి ఉంటాయి, కట్టనివి సాయంత్రానికల్లా గడప దాటాలి. గంగరాజు గుమ్మంలో నిలబడి విన్నాడు. ఆయన బట్టలు మొత్తం నాలుగు పంచెలు, మూడు చొక్కాలు, అవన్నీ ఒక్క దండెం మీదే ఉంటాయి. తనను ఉంచుతుందా పంపేస్తుందా అని మాత్రం కనుక్కుని పొలం వెళ్ళిపోయాడు.

చీరల పని గంటలో తెమిలింది. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ అటుగా వచ్చి, పదహారు చీరలు మూటగట్టుకుని ఒక ఇడ్లీ పాత్ర ఇచ్చింది. ఇంట్లో అప్పటికే రెండున్నాయి. చిక్కంతా మా దగ్గరే వచ్చింది. మేం రెండువందల పన్నెండు మందిమి. గిన్నెలావిడ మా వైపు చెయ్యి చాచబోతే మంగరత్నం కొంగుతో కప్పేసింది. బొట్టు పెట్టి ఇచ్చినదాన్ని గిన్నెకు మారుస్తారా ఎవరైనా? పారెయ్యకూడదు, అమ్మకూడదు. బొట్టుతో వచ్చింది బొట్టుతోనే వెళ్ళాలి.

అందుకని కుంకుమ భరిణె పట్టుకుని, మమ్మల్ని బుట్టకెత్తుకుని, ఇంటికి ఐదు చొప్పున పంచడానికి బయల్దేరింది. తొలి ఐదు ముక్కల్లో నేనున్నాను. మొదటి ఇల్లు పోస్టుమాస్టరుగారిది. ఆయన భార్య మమ్మల్ని కళ్ళకద్దుకుని, ఇంటికొచ్చి బొట్టు పెట్టినదాన్ని వట్టి చేతులతో పంపుతానా అంటూ లోపలికెళ్ళి ఆరు ముక్కలు తెచ్చింది. అరటిపళ్ళు అదనం. రెండో ఇంట్లో ఐదుకు ఐదు వచ్చాయి. మూడో ఇంట్లో ఏడు, ఒక కొబ్బరికాయ. వీధి పొడుగునా బీరువాలు కిర్రుకిర్రుమని తెరుచుకున్నాయి. ఇన్నేళ్ళుగా అందరూ ఇలాంటి పిలుపు కోసమే కాచుకుని ఉన్నట్టుంది. మధ్యాహ్నానికి మంగరత్నం ఇంటికి చేరి లెక్కపెడితే రెండువందల ముప్పై ఒకటి తేలాయి. గంగరాజు చూసి, రేపు మళ్ళీ పంచడానికి వెళ్ళొద్దు, ఇంట్లో చోటు లేదన్నాడు.

నా సంగతి చెప్పాలి. పోస్టుమాస్టరుగారింట్లో గంట కూడా ఉండలేదు. పలకరించడానికొచ్చిన మిల్లు గుమాస్తా భార్య చేతికి, అక్కణ్ణించి మేష్టారి భార్య చేతికి మారాను. ఆ రోజు గాలే అలాంటిది, ఎవరూ ఎవరినీ ఊరికే పంపడం లేదు. ఏడాదిన్నర చీకట్లో పడి ఉన్నదాన్ని, ఒక్క రోజులో ఇన్ని గుమ్మాలు, ఇన్ని ముఖాలు. నాకు తల తిరిగిపోయింది. ఇలా తిరుగుతూ ఉంటే చాలు, కుట్టకపోయినా పర్వాలేదనుకున్నాను. పొద్దు వాలేవేళకు మేష్టారి భార్య పెరుగు తోడు కోసం అచ్చియ్యమ్మ ఇంటికి వెళ్తూ, బొట్టు పెట్టి నన్ను ఆవిడ ఒళ్ళో పెట్టింది.

అచ్చియ్యమ్మ నా మూల చూసింది. తన బొటనవేలు ఆ చుక్క మీద ఆనించింది. గాటు గాటుకు సరిపోయింది.

"ఇది ఎక్కణ్ణించి బయల్దేరిందమ్మా?"

"మీ మరదలుగారి చలవేనండీ," అంది మేష్టారి భార్య సంబరంగా. "బీరువా ఖాళీ చేసి పొద్దున్నించీ ఊరంతా పంచేస్తన్నారు. అక్కర్లేనివంట."

అచ్చియ్యమ్మ మంచిదేనంది. పెరుగు తోడు ఇచ్చి పంపింది.

ఆదివారం ఆవిడ తమ్ముడింటికి భోజనానికి రాలేదు. కూర చల్లారింది. గంగరాజు వెళ్ళి, కాగితంలో చుట్టిన నన్ను తీసుకుని తిరిగొచ్చాడు. ఆయన నాలుగు మాటలు వరసగా మాట్లాడే మనిషి కాడు. ఆ రోజు మాత్రం అక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

"నీకు బరువైందంట కదా. పోన్లే, తన దగ్గరే ఉంచుకుందామనుకుందంట. ఉంచుకుంటే తనకీ బరువుగానే ఉందంట."

మంగరత్నం కాగితం విప్పింది. చీలిన పసుపు చుక్క చూసి నన్ను గుర్తుపట్టింది. చూసుకోలేదని, ఐదేసి పేర్చి మడతైనా విప్పకుండా ఇచ్చేశానని చెప్పుకుంది. ఆ మాట వెళ్ళి చెబితే వదిన నమ్ముతుందా అని అడిగింది.

"నమ్మదు," అన్నాడు గంగరాజు. "ఇదివరకోసారి తను దిగొచ్చింది. మళ్ళీ దిగి రాదు."

ఇంకో ముక్క కొని తీసుకెళ్ళడమన్న ఆలోచన మంగరత్నానికి వచ్చినంత వేగంగానే పోయింది. ముక్కలతోనే కదా ఇంత వచ్చింది. సోమవారం పొద్దున్నే నన్ను దర్జీ ఏసుదాసు దగ్గరికి తీసుకెళ్ళింది. మిగతా రెండువందల ముప్పై ఒకటినీ గోనెసంచిలో కుక్కి గంగరాజు నెత్తిన పెట్టింది. వాటిని బొంతలుగా కుట్టమంది. ఇంట్లో వాడుకుంటే ఇచ్చినవాళ్ళ మర్యాద నిలుస్తుంది, బీరువా తలుపూ పడుతుంది.

ఇంతవరకు మీ దగ్గర దాచిన సంగతి ఒకటుంది. నా మీద అంటించిన చీటీలో మీటరని ఉంది గాని, నేను డెబ్బై సెంటీమీటర్లే. ఏసుదాసు టేపు పెట్టి చూసి తలెత్తాడు.

"ఇది ఇవ్వడానికి చాలుద్దండి. తొడగడానికి చాలదు."

"చేతులు వేరే రంగెయ్యి," అంది మంగరత్నం. "బుధవారానికి కావాలి."

గోనెలో చెయ్యి పెడితే ముందుగా తగిలింది వంగపండు రంగు ముక్క. కత్తెర పడితే ప్రాణం పోయినట్టుంటుందని మావాళ్ళు బీరువాలో భయపెట్టేవారు. అంతా అబద్ధం. చక్కిలిగింతలు పెట్టినట్టుంది. మిషను సూది నా వెంట పరుగెత్తుతుంటే నవ్వాపుకోలేకపోయాను.

బుధవారం మంగరత్నం నన్ను తొడుక్కుని రెండు వీధులూ నడిచింది. ఒళ్ళు చిలకపచ్చ, చేతులు వంకాయ. పోస్టుమాస్టరుగారి భార్య అరుగు మీంచి, చేతులు ఎవరి దగ్గర అరువు తెచ్చావే అని అడిగింది. మంగరత్నం ఆగలేదు.

అచ్చియ్యమ్మ ముందు గదిలో చాటలో బియ్యం ఏరుతోంది. తలెత్తింది. చాట పక్కన పెట్టింది.

"మడత విప్పకుండా ఇచ్చేశాను వదినా. తప్పు నాదే."

అచ్చియ్యమ్మ లేచి వచ్చి, నా భుజం పట్టి లాగి, వంకాయ రంగు చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ చేతులేంటే?"

"గుడ్డ చాల్లేదు."

"అంటే నలభై ముక్కలు దింపించి, అందులో పొట్టిదాన్ని ఏరుకొచ్చానన్నమాట," అంది అచ్చియ్యమ్మ. నవ్వు రాబోతుంటే ముఖం తిప్పుకుని భరిణె అందుకుంది. మరదలికి బొట్టు పెట్టింది. అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి బీరువా పిడి మీద చెయ్యి వేసింది. అక్కడే ఆగిపోయింది. పిడి వదిలేసి, వంటింట్లోకి వెళ్ళి రెండు కంచాలు తెచ్చింది.

తోటకూర పులుసు, వేయించిన అప్పడాలు, మాగాయ. నేల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. అచ్చియ్యమ్మ అడక్కుండానే మళ్ళీ అన్నం వడ్డించింది. మంగరత్నం వద్దనకుండా కలుపుకుంది. పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి నా పక్క కుట్లు బిగుసుకుపోయాయి. ఊపిరి బిగబట్టి ఓర్చుకున్నాను.