నడుం కుంగిన మోరిస్

ఇనుము కోసే గ్రైండర్ ఆపగానే కారు మూలిగింది. పెద్ద చప్పుడేం కాదు. ముసలి ఆవు కాళ్లు ముడుచుకుని పడుకోబోతూ నిట్టూర్చినట్టుంది అంతే. సెల్విన్ హెబ్డెన్ మాత్రం గ్రైండర్ పక్కన పడేశాడు.

అది పైకప్పు లేని పాత మోరిస్ మైనర్. అలాంటి బండికి బలమంతా తలుపుల కిందుగా ముందు నుంచి వెనక్కి పోయే ఇనుప సిల్లుల్లోనే ఉంటుంది. తుప్పు తినేసిన సిల్లును కోసే ముందు, తలుపు ఉండే సందుకు అడ్డంగా ఒక ఇనుప కడ్డీ పెట్టి రెండు చివరలా వెల్డ్ చేసి తీరాలి. లేకపోతే బండి నడిమికి కుంగిపోతుంది, ఆ తలుపు మళ్లీ జన్మలో పట్టదు. ఇంగ్లండులోని ఈ లాంకషైర్‌లో ఇంటి వెనక షెడ్డులో పాతబండి విప్పుకుని కూర్చునే ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. పాతకార్ల క్లబ్బులో కొత్తగా చేరినవాడి చేతికి టీ కప్పు అందేలోపే ఈ మాట వాడి చెవిన వేసేది సెల్వినే.

కడ్డీ పెట్టాడు. నిన్ననే వెల్డ్ చేశాడు కూడా.

మోకాళ్ల మీద కూర్చుని చేత్తో తడిమాడు. కడ్డీ వెనక చివర ఊడి వేలాడుతోంది. బొటనవేలంత ఎడంగా, ఒట్టి రేకు మీద, వెల్డింగ్ గట్టులా గరుగ్గా తగిలింది. అంటే అతుకు కడ్డీ మీద పడనే లేదు. దాని పక్కన పడింది.

చూపు నడిబొడ్డున మసిమరక పడటం చలికాలంలో మొదలైంది. సూటిగా చూస్తే ఏమీ ఉండదు. కాస్త పక్కకు చూస్తే ఆ చివర ఈ చివర ఏదో కనిపిస్తుంది. ఇక బండి నడపొద్దని కళ్ల డాక్టరు ఖండితంగా చెప్పాడు. సెల్విన్ ఇంటికొచ్చి భార్య ఏవిస్‌తో "అద్దాలు మార్చమన్నాడు" అన్నాడు. ఒక్కసారి చాలు. ఈ మోరిస్‌ను బాగుచేసి, పక్కన ఏవిస్‌ను కూర్చోబెట్టుకుని, మోర్‌కంబ్ సముద్రం దాకా ఒక్కసారి తన చేతులతో నడిపితే చాలు. ఆ తర్వాత కళ్లు ఎటు పోయినా సరే. కానీ మరక పెరుగుతోంది. అందుకే తొందర.

జాకీని కారు నడుం కిందికి తోసి పైకి లేపసాగాడు. తలుపు సందు ఎంత తెరుచుకుందో వేళ్లతో కొలుస్తుంటే షెడ్డు తలుపు కిర్రుమంది. తడిసిన కోటు దులుపుకుంటూ హొరేస్ డక్వర్త్ లోపలికొచ్చాడు. కుర్రతనం నుంచీ స్నేహితుడు, అదే క్లబ్బువాడు.

"ఏరా, పొద్దున్నే జాకీతో సరసాలేంటి?"

"ఏం లేదు. నువ్వెళ్లు."

హొరేస్ వంగి చూశాడు. "ఇదెవడు చేశాడ్రా? పావురం రెట్టేసినట్టుందే!"

"ప్రాక్టీసు చేశాలే."

"బండి మీద ప్రాక్టీసేంట్రా నీ మొహం! పాత రేకులే దొరకలేదా?" నవ్వబోయినవాడు సగంలో ఆగాడు. "సెల్విన్, అతుకు కడ్డీకి తగల్లేదురా."

"చెయ్యి జారింది."

"చెయ్యి జారితే వంకర పోతుంది. ఇది తిన్నగానే ఉంది. తప్పుచోట తిన్నగా ఉంది. ఏదీ, ఇటు చూడు. నా మొహంలోకి చూడు."

సెల్విన్ చూశాడు.

"అది నా చెవి. ముక్కు ఇక్కడుంది."

సెల్విన్ అతని చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఏవిస్‌కి చెప్పకురా. నీ కాళ్లు పట్టుకుంటా. ఒక్క ప్రయాణం. తెల్లారకుండానే బయల్దేరతాం. రోడ్డు మీద పురుగు కూడా ఉండదు."

"పాలవాడుంటాడు. పక్క సీట్లో ఏవిస్ ఉంటుంది, వెధవా."

అంతలో ఏవిస్సే వచ్చింది, ఒక చేత్తో టీ కెటిలు, ఇంకో చేత్తో పందిమాంసం పెట్టిన రొట్టెల పళ్లెం. "ఏంటి, ఇద్దరూ గుసగుసలాడుతున్నారు? ఎవర్ని పాతిపెట్టాలని?" కడ్డీ మీద ఆమె చూపు పడింది. "అయ్యో, ఇది ఊడిందే! నిన్నంతా తిండి మానేసి చేశావు గదయ్యా?"

హొరేస్ గొంతు సవరించుకున్నాడు.

"అది నా ఘనకార్యం తల్లీ. వీడు ముందు చివర చేశాడు, వెనకది నేను కెలికా. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి..."

"కళ్లు కనపడనివాడివి నిప్పుతో పనేంటి నీకు?" ఏవిస్ పళ్లెం ధన్‌మని బల్ల మీద పెట్టింది. "రేపు ఆ బండెక్కేది మేమిద్దరం. చస్తే చచ్చేది మేము. నీకేం, పూలు పట్టుకొచ్చి ఏడ్చిపోతావు!"

హొరేస్ తల వంచుకుని తిట్లు తిన్నాడు. ఇక సెల్విన్ నోరు మూసుకుంటే చాలు, అడ్డు తొలగినట్టే. షెడ్డు రేకుల మీద వాన పడుతోంది.

"వాడికి కాదు," అన్నాడు సెల్విన్. "కనపడనిది నాకు."

ఏవిస్ కెటిలు కింద పెట్టింది. "ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి."

"మొన్న ఆదివారం మా అక్కవాళ్లింటికి తీసుకెళ్లి తెచ్చావు నన్ను. మన చిన్న కార్లో."

"ఆ రోడ్డు నాకు కంఠతా వచ్చు."

"రోడ్డు వస్తుంది. దాటే మనుషులు కూడా కంఠతా వస్తారా?" ఆమె చెయ్యి చాపింది. "తాళాలియ్యి."

అతను చిన్న కారు తాళాలు జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. గోడకున్న మేకు తడుముకుని మోరిస్ తాళం కూడా తెచ్చి అందులో పెట్టాడు.

"జాకీ ఎంతోసేపు ఆగదు," అన్నాడు హొరేస్ మెల్లగా. "ఇప్పుడే అతకాలి."

"వదిలెయ్. కుంగనీ. ఇంకెందుకది?" అన్నాడు సెల్విన్.

"కుంగాక నువ్వేడుస్తుంటే వినాల్సింది నేనేగా. కడ్డీ పట్టుకో."

వెల్డింగ్ వెలుగుకు కళ్లు పోకుండా మొహానికి పెట్టుకునే ముసుగు ఒక్కటే ఉంది. అది హొరేస్ తగిలించుకున్నాడు. సెల్విన్ తోలు తొడుగులు వేసుకుని, కడ్డీని తలుపు సందులో అదిమి పట్టుకున్నాడు. ఏవిస్ అతని వెనక నిలబడి, తన మొహం గోడవైపు తిప్పుకుని, అరచేత్తో అతని కళ్లు మూసింది.

"వీటినిప్పుడు కాపాడి ఏం చేసుకుంటావే?"

"మాట్లాడకు. కదిలితే మళ్లీ పక్కన పడుతుంది."

చిటపటమంటూ మంట రేగింది. కడ్డీ వెంట వేడి పాకుతూ తొడుగుల్లోంచి వేళ్లకు సోకింది. సెల్విన్ వదల్లేదు. అతని కళ్ల మీద ఏవిస్ అరచెయ్యి తడిసిపోయింది. ఆమె తియ్యలేదు.