గొట్టం మీద జవాబు

మేడ మీద గది అద్దెకు కావాలని వచ్చిన కుర్రాడి వీపు మీద సంచి అతనికంటే పెద్దది. దాన్ని గుమ్మం దాటించడానికి పక్కకు తిరిగి, వంగి, మళ్లీ తిరిగి, చివరికి మొన్ననే వేయించిన గోడ సున్నం కాస్తా గీరి పెట్టాడు. ఆ క్షణమే అతనికి సంచీబాబు అని పేరు పెట్టేశాను. అసలు పేరు కూడా చెప్పాడు గానీ నేను వినిపించుకోలేదు.

"ఏం పని మీద వచ్చావు బాబూ?" అన్నాను.

"పనేం లేదండీ. ఊళ్లు చూస్తూ తిరుగుతుంటాను."

"ఇక్కడ చూడ్డానికేముంది? అన్నీ పడిపోయాయిగా."

"అవే చూద్దామని," అన్నాడు తల గోక్కుంటూ.

ఎద్దు పుండు కాకికి ముద్దు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మేడ గది మూడు నెలలుగా ఖాళీగా ఉంది కాబట్టి మింగేశాను.

మనిషి చెడ్డవాడు కాదు. తన కంచం తనే కడుక్కునేవాడు. పొద్దున్నే కాలికి బలపం కట్టుకుని బయలుదేరేవాడు. అతని దగ్గర భూకంపానికి ముందు అచ్చయిన మ్యాపు ఒకటుండేది. అది పట్టుకుని ఎవర్నో దారి అడిగితే, "సినిమా హాలు దగ్గర ఎడమకు తిరుగు, గడియారం స్తంభం దాటాక రెండో సందు" అని చెప్పేవారట. హాలున్న చోట పిచ్చిమొక్కలు, స్తంభమున్న చోట ఇసుక కుప్ప. సాయంత్రం చెప్పులు అరగదీసుకుని వచ్చి నా ముందు కూలబడేవాడు.

"పిన్నిగారూ, లేనివాటిని గుర్తుపెట్టి దారి చెప్తే నేనెలా వెళ్తానండీ?"

"ఉన్నవి మాకింకా అలవాటు కాలేదు నాయనా," అన్నాను. నవ్వుదామనే అన్నాను. నవ్వు రాలేదు.

మా అక్క మా ఇంట్లోనే ఉంటోంది. బావ టైలరు. బజారులో నాలుగంతస్తుల మేడ కింద, సెల్లారులో ఆయన దుకాణం. నేను జాకెట్టు గుడ్డ తీసుకెళ్తే, "మరదలా, ఇది సరిపోదు గానీ, గుడ్డ తాను మొత్తం తీసుకురా," అని కస్టమర్లందరి ముందూ నా పరువు తీసేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదు. ఆయన కుట్టిన చేతులు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు అని బజారంతా వినేలా అరిచేదాన్ని. భూకంపం రోజు ఆ మేడ మొత్తం ఆయన నెత్తిన కూర్చుంది. కొన్ని రోజుల తర్వాత బావ దొరికాడు. అక్క చివరిచూపు చూసుకుంది, సాగనంపింది. కానీ ఒక్క ప్రశ్న మాత్రం ఆమెను వదల్లేదు. ఆయన వెంటనే పోయాడా? లేక కింద చీకట్లో బతికుండి, కొట్టి కొట్టి, ఎవరూ రాక పోయాడా?

డాక్టర్ని అడిగింది. శిథిలాలు తీసినవాళ్లను అడిగింది. బజారులో బతికి బయటపడ్డ ప్రతివాణ్ణీ ఆపి అడిగింది. ఏడాదిన్నరగా ఇంటి కప్పు కింద పడుకోలేదు, మంచం పెరట్లోనే. అన్నం తింటూ తింటూ చెయ్యి కంచంలో పెట్టి ఆగిపోయేది. ఏదో వింటున్నట్టు మెడ వంచేది. ఆ మెడ చూస్తే నాకు ఏడుపూ వచ్చేది, కోపమూ వచ్చేది.

మా ఆయన మేస్త్రి. పునాదిలో కాంక్రీటు పోసే ముందు ఆయనకొక పద్ధతుంది. భూకంపమప్పుడు శిథిలాల కింద ఎవరైనా బతికున్నారేమోనని చేసిందే అది. కాంక్రీటు కలిపే మిల్లరు ఆపిస్తాడు, లారీలు ఆపిస్తాడు, కూలీలను మాట్లాడనివ్వడు. నేలలోకి దిగిన ఏదో ఒక పాత గొట్టం మీద సుత్తితో మూడు దెబ్బలు కొట్టి, దానికి చెవి ఆనించి కాసేపు వింటాడు. ఏ ఇంజనీరూ చెప్పింది కాదది. మొదట్లో కాంట్రాక్టరు వెక్కిరించాడు. "ఇన్నాళ్లయ్యాక కిందనుంచి ఎవరు పలుకుతారయ్యా?"

"ఎవరూ పలకరని తెలిస్తేనే పోస్తాను," అన్నాడట మా ఆయన.

తర్వాత ఊళ్లో మేస్త్రులందరూ అదే పద్ధతి పట్టారు. కొట్టకుండా పోసిన ఇంట్లో ఇప్పుడెవరూ అద్దెకు కూడా దిగరు.

బావ దుకాణమున్న చోట కొత్త మేడకు పునాది పోసే రోజు వచ్చింది. అక్క వస్తానంది. వద్దంటే వినే మనిషి కాదు కాబట్టి అన్నం క్యారియరు పట్టుకుని నేనూ వెంట వెళ్లాను. గోతి నిండా ఊచలు అల్లి ఉన్నాయి. మిల్లరులో మాలు తిరుగుతోంది. మా ఆయన చెయ్యెత్తగానే అన్నీ ఆగాయి. పక్క మేడ గోడ కిందనుంచి వచ్చిన నీళ్ల గొట్టం ఒకటి గోతిలో తల బయటపెట్టి ఉంది. దాని మీద కొట్టాడు. టక్, టక్, టక్. చెవి ఆనించాడు.

జవాబు వచ్చింది. చెవి ఆనించక్కర్లేకుండా గట్టు మీదున్న మాకే వినిపించింది. టక్, టక్, టక్.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఇన్నాళ్ల తర్వాత కింద ఎవరుంటారని ఒక్కడంటే ఒక్కడు అనలేదు. ఊచలు కట్టిన మనిషే తను కట్టిన ఊచలను కోసి అవతల పారేశాడు. మిల్లరు నడిపేవాడు మాలు గట్టిపడిపోతుందన్న ధ్యాసే లేకుండా పార పట్టుకుని దూకాడు. వెక్కిరించిన కాంట్రాక్టరు బూట్లతోనే గోతిలోకి దిగి, "ఇటు, ఇటు తవ్వండి!" అని గొంతు చించుకున్నాడు. రోడ్డున పోయేవాళ్లు వచ్చి తట్టలందుకున్నారు. మా ఆయన పార కూడా పట్టుకోలేదు, గోళ్లతో తవ్వుతున్నాడు.

ఆయన గోళ్లతో ఎందుకు తవ్వుతున్నాడో ఆ గుంపులో నాకొక్కదానికే తెలుసు. భూకంపం వచ్చిన సాయంత్రం ఇదే మూల కిందనుంచి ఇలాగే కొట్టిన చప్పుడు ఆయన విన్నాడు. పైన స్లాబు పడి ఉంది. రోడ్డు చీలిపోయి క్రేను పక్క వీధిలోనే ఆగిపోయింది. ఆయనా, పేరు తెలియని మరో ఇద్దరూ గునపాలు విరిగేదాకా తవ్వారు. చప్పుడు చాలాసేపు వచ్చింది, తర్వాత ఆగిపోయింది. ఇళ్లు వదిలి మేమంతా తలదాచుకున్న గుడారంలో, నా ఒళ్లో తల పెట్టుకుని చెప్పాడు. "వదినకు చెప్పకు, బతకదు," అన్నాడు. నా నోట్లో నువ్వుగింజ నానదని చుట్టాలందరికీ తెలుసు. ఆ ఒక్క మాట మాత్రం పంటి కింద అదిమిపెట్టి, అక్క అడిగినప్పుడల్లా, "ఆయనకేమీ వినపడలేదట అక్కా," అంటూ వచ్చాను.

అక్క గోతి వైపు వెళ్లలేదు. బావను తన చేతుల మీదుగా సాగనంపింది కదా, కింద ఉన్నది ఆయన కాదని ఆమెకు తెలుసు. గట్టు మీద నిలబడి, తవ్వేవాళ్లనే ఒక్కొక్కరిగా చూస్తోంది.

అప్పుడు సందు చివరనుంచి సంచీబాబు మ్యాపు మడతపెట్టుకుంటూ వచ్చాడు.

"ఏం వెతుకుతున్నారు పిన్నిగారూ?"

"కింద ఎవరో ఉన్నారు. మేస్త్రి గొట్టం మీద కొడితే తిరిగి కొట్టారు."

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "గొట్టం మీదా? ఇందాక అంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయిందే, అప్పుడా?"

"అప్పుడే. ఏం?"

"అది... అది నేనండీ." పక్కనున్న బోలు మేడ చూపించాడు. "ఆ మెట్ల మీద కూర్చున్నాను. పక్కన గొట్టం టకటకమంది. పనివాళ్లెవరో ఆటలాడుతున్నారనుకుని రాయి తీసుకుని నేనూ కొట్టాను. వెనక సందులోంచి వెళ్లిపోయాను. నాకేం తెలుసండీ?"

చెంప మీద ఒక్కటిచ్చాను. పరాయి తల్లి కన్న బిడ్డను కొట్టడం అదే మొదలు. "ఏడవకు. దిగి వాళ్లకు చెప్పు," అన్నాను.

సంచి గట్టు మీద దించి గోతిలోకి దిగాడు. అందరికీ వినపడేలా చెప్పాడు. పారలు ఒక్కొక్కటే ఆగాయి. కాంట్రాక్టరు ఉన్నచోటే చతికిలపడ్డాడు. ఊచలు కట్టే మనిషి వెళ్లి సంచీబాబు చొక్కా పట్టుకున్నాడు.

"వదిలెయ్ బాబూ అతన్ని," అంది అక్క.

నెమ్మదిగా గోతి అంచుకు వచ్చింది. కోప్పడుతుందనుకున్నాను, మూర్ఛపోతుందనుకున్నాను. ఆమె మొహం చూస్తే మాత్రం, ఏడాదిన్నరగా బిగిసి ఉన్న దవడ వదులైంది.

"ఊరికే గొట్టం చప్పుడైతేనే ఇంతమంది దూకారు," అంది. "ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా దూకారు. ఆ రోజు ఆయన కొట్టి ఉంటే రాకుండా ఉంటారా? ఊరు ఊరంతా ఇక్కడే ఉంది కదా ఆ రోజు. ఎవరో ఒకరు వినేవాళ్లే. అంటే ఆయన కొట్టలేదు. కొట్టేంత వ్యవధే లేదు ఆయనకి."

మా ఆయన వైపు తిరిగింది.

"ఏం మరిదీ, నువ్వు చెప్పు. ఆ రోజు నువ్విక్కడే ఉన్నావు. చప్పుడు విని ఉంటే వదిలేసి వెళ్లేవాడివా?"

మా ఆయన నడుము నిటారు చేసి నిలబడ్డాడు. గోళ్ల చివర మట్టీ నెత్తురూ కలిసిపోయాయి. ముందు నా వైపు చూశాడు. దేవుడా, ఈయన నోరు జారకుండా చూడు అని మొక్కుకున్నాను.

"లేదు వదినా," అన్నాడు. "వదిలేసి వెళ్లేవాణ్ణి కాదు."

ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ రోజు చప్పుడు ఆగిపోయాక కూడా ఆయన తెల్లారేదాకా అక్కడే తవ్వాడు.

అక్క చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నా భుజం పట్టుకుని, పిల్ల పుట్టిన కబురు చెప్పినట్టు చెప్పింది. "వెంటనే పోయాడే. ఏమీ తెలియకుండా పోయాడు మీ బావ."

"అవునక్కా," అన్నాను.

"ఆకలేస్తోందే. ఏం తెచ్చావు?" అని క్యారియరు నా చేతిలోంచి లాక్కుంది. గట్టు మీదే కూర్చుని, సంచీబాబును పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, అతనికొక ముద్ద పెట్టి తనొక ముద్ద తింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు, మెడ వంచలేదు. ఆమె అలా తింటుంటే చూడాలని నేను మొక్కని దేవుడు లేడు. తీరా తింటుంటే, ఆమె మొహం చూడలేక గోతి వైపు తిరిగాను. కూలీలంతా పైకి వచ్చి చేతులు కడుక్కుంటున్నారు. మా ఆయన మాత్రం ఇంకా గోతిలోనే, ఆ మూల దగ్గరే నిలబడి ఉన్నాడు.