ఏటవతల ఆట పడితే

ఇటు జరుగు బంగారం, ఇంకాస్త దగ్గరికి. ఇది అరిచి చెప్పే కథ కాదు, చెవిలో పోయాల్సిన కథ.

ఆ ఆదివారం పొద్దున ఆమె తొమ్మిదో నంబరు చొక్కా ఒళ్లో వేసుకుని, ఊడిపోయిన అంకెను మళ్లీ కుడుతోంది. మైదానం వెనక రేకుల గది ఆమెది. మూడు తొట్లు, ఒక కుళాయి, ఒక చెక్కబల్ల. సబ్బునీళ్లలో నాని నాని వేళ్ల చివర్లు తెల్లగా ముడతలు పడి ఉండేవి. బకెట్లు మోసి మోసి కుడిభుజం కిందికి జారింది. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు బట్టలన్నీ ఉతికేది ఆమే. జట్టులో అందరూ ఆమెను పిన్నీ అనేవారు. ఆమెకంటే నాలుగేళ్లు పెద్దవాడైన కోచ్ కూడా పిన్నీ అనే పిలిచేవాడు, ఏం చేస్తాం!

చొక్కా చూసి మనిషిని చెప్పేసేది. వెనక ఆడేవాళ్ల మట్టి మోకాళ్ల మీద, ముందు ఆడేవాళ్ల మట్టి వీపు మీద. ఎవడు పరిగెత్తాడో, ఎవడు నిలబడి కాలక్షేపం చేశాడో చంకల దగ్గరే తెలిసిపోయేది. కానీ పద్దెనిమిదేళ్లలో ఒక్క ఆట కూడా మొదటినుంచి చివరిదాకా చూడలేదు. వాళ్లు ఆడుతుంటే ఈమె తువ్వాళ్లు ఉతుకుతూ ఉండేది.

ఏటా ఆ చుట్టుపక్కల చిన్న జట్లన్నీ కలిసి ఒక కప్పు కోసం ఆడేవి. ముప్పైరెండు జట్లు. చీట్లు తీసి ఎవరితో ఎవరో తేల్చేవారు. ఓడినవాళ్లు ఇంటికి, గెలిచినవాళ్లు పైమెట్టుకి. సమానంగా ముగిస్తే అదే ఆట వారం తర్వాత రెండోవాళ్ల మైదానంలో మళ్లీ ఆడాలి. చీట్లు తీసిన రోజున ఆమె ప్రతి ఏడూ గడప దగ్గర నిలబడి ఒకటే అడిగేది.

"మనకి ఎవరు పడ్డారు బాబూ?"

ఆమెకు కావలసింది ఏటవతలి జట్టు. ఆ జట్టు బట్టలు ఉతికేది ఆమె సొంత అక్క.

తల్లి పోయిన నెలకు, తల్లి వాడిన బొగ్గుల ఇస్త్రీపెట్టె నాకంటే నాకని అక్కాచెల్లెళ్లు పోట్లాడుకున్నారు. "నువ్వు పిలిచినా నీ గడప తొక్కను" అంది చెల్లెలు. "పిలిస్తే కదా తొక్కేది" అంది అక్క. అంతే. మధ్యలో ఒక ఏరు, దానిమీద వంతెన, గంట ప్రయాణం. కోపం రెండేళ్లకే చల్లారిపోయింది కానీ మాట మిగిలిపోయింది. ఊరికే వెళ్లాలంటే మొహం చెల్లదు. అదే, తన జట్టు బట్టలమూటతో వెళ్తే? పనిమీద వెళ్లడం వెళ్లినట్టు కాదు కదా! ఏటేటా చీటీ తీస్తున్నారు, ఏటేటా ఇంకెవరో పడుతున్నారు.

ఈ ఏడు పడింది. కాకపోతే ఆట ఇక్కడ.

రెండింటికి అవతలి బస్సు వచ్చింది. ఆమె తల దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని బస్సు మెట్ల దగ్గర నిలబడింది. ఆటగాళ్లు దిగారు, వాళ్ల కోచ్ దిగాడు. చివర్లో డ్రైవరు ఒక సంచి పట్టుకుని దిగాడు. అతని వెనక ఎవరూ లేరు.

"మా అక్క..."

"ఓ, మీరేనా చెల్లెలు? ఆవిడ రాలేదమ్మా. నెల్లాళ్లుగా మంచం దిగడం లేదు. మొన్నటి బట్టలు కూడా మంచంమీదే కూర్చుని మడత పెట్టింది."

"నాకేమైనా చెప్పమందా?"

డ్రైవరు బుర్ర గోక్కున్నాడు. "ఆట మన దగ్గర పడితే చూద్దాంలే అంది."

ఆమె సంచి మూతి విప్పింది. కాలరు లోపలికి, చేతులు వెనక్కి, అంకె పైకి. అచ్చం అమ్మ మడత. చెయ్యి వేసి తీయలేకపోయింది.

అప్పుడు ఆమెకు లెక్క తేలిపోయింది. తన జట్టు గెలిస్తే అక్క దగ్గరికి దారి లేదు. ఓడినా లేదు. సమానం కావాలి.

ఆ రోజు తువ్వాళ్ల బుట్ట పట్టుకుని తెల్లగీత పక్కకే వచ్చి కూర్చుంది.

"ఏంటి పిన్నీ, ఆట చూస్తున్నావా? ఇవాళ వడగళ్లు పడతాయి" అన్నాడు కోచ్.

"నీ పని చూసుకో నాయనా."

మొదట అవతలివాళ్లు ఒక గోల్ కొట్టారు. తర్వాత మనవాళ్లు ఒకటి కొట్టారు. అందరితోపాటు చప్పట్లు కొట్టి, ఆమె ఒక్కతే టక్కున ఆపేసింది, ఇక చాలన్నట్టు. గడియారం కదిలితే ఒట్టు. ఇంకో పది నిమిషాలు, ఇంకో ఆరు, ఇంకో మూడు. ఇంతలో ఎవడో బలంగా తన్నిన బంతి గీత దాటి, దొర్లుకుంటూ వచ్చి ఆమె బుట్టకు తగిలి ఆగింది.

ఆమె అటూ ఇటూ చూసింది. తడి తువ్వాలు తీసి దానిమీద కప్పేసింది.

"పిన్నీ, బంతి ఇటొచ్చిందా?"

"ఏ బంతి?"

"ఏ బంతేంటి! ఆడుతున్న బంతి!"

"నాకేం తెలుసు, నేను తువ్వాళ్లు పిండుకుంటున్నా. ఆ పొదల్లో చూడరాదూ?"

ఉన్న రెండో బంతికి ఇందాకే గాలిపోయింది. ఇరవైరెండు మంది పొదలు దులిపారు. మూడు నిమిషాలకు ఎవడో బుట్ట తన్నుకుని పడబోయి తువ్వాలు లాగితే బంతి బయటపడింది. ఆమె సంతోషంగా గడియారం చూసింది. టైమైపోయింది. అయినా రెఫరీ ఈల వేయలేదు, వేళ్లు మూడు చూపించాడు.

"ఏంటది?"

"ఆట ఆగిన టైమంతా కలిపి ఆడిస్తాడు పిన్నీ. ఇన్నేళ్లుగా మాతో ఉండి అది కూడా తెలీదా?" అన్నాడు కోచ్.

తువ్వాలు కింద దాచిన ఆ మూడు నిమిషాల్లోనే, చిట్టచివర, మనవాళ్లందరిలోకీ పొట్టివాడు తలతో గోల్ కొట్టాడు. తొమ్మిదో నంబరు.

మైదానం లేచిపోయింది. పొట్టివాణ్ణి భుజాలమీద ఎత్తుకున్నారు. బుట్ట పక్కన ఆమె ఒక్కతే కూర్చుని ఉంది, పెళ్లింట్లో దారితప్పిన మనిషిలా.

కాసేపటికి పొట్టివాడు చొక్కా విప్పుకుంటూ రేకుల గదికి వచ్చాడు. "పిన్నీ, వీపు చూడు, ఎంత మట్టో! రేపు నువ్వే ఉతకాలి, ఎవరికీ ఇవ్వకు." గోడకున్న మేకుకు తగిలించి పాడుకుంటూ పోయాడు.

బయట అవతలి బస్సు ఇంజను మొదలైంది. డ్రైవరు మురికిబట్టల సంచి ఎక్కిస్తున్నాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వెళ్లి నిలబడింది.

"ఇవి ఎవరు ఉతుకుతారు?"

"ఏమోనమ్మా. మీ అక్కగారైతే లేవలేరు."

"అలాగైతే, ఇలా ఇవ్వు."

సంచి తీసుకుంది. తీసుకుని వెనక్కి తిరగలేదు, బస్సెక్కింది. తల వంచుకుని కూర్చున్న ఆటగాళ్లు జరిగి చోటిచ్చారు. ఒకడు ఉండబట్టలేక అన్నాడు, "మమ్మల్ని ఓడించి మా బస్సే ఎక్కావేంటమ్మా?"

"నేను గెలవలేదు నాయనా" అంది ఆమె.

బస్సు వంతెన దాటింది.

అక్క తలుపు తెరిచే ఉందట. చెల్లెలు పిలుపుకోసం ఆగలేదు. "ఇంకా మట్టి అంటించుకునే వస్తున్నావా?" అందట అక్క. "నీ జట్టు వెధవలే అంటించుకున్నారు" అందట చెల్లెలు. మంచం పక్కనే చాప వేసుకుంది. అక్క ఆ చలికాలం దాటలేదు. ఒక తెల్లవారుజామున, చెల్లెలు తొట్టిలో నీళ్లు నింపుతుండగా, మాట లేకుండా వెళ్లిపోయింది. చెల్లెలు ఇక తిరిగి రాలేదు. ఏటవతలి జట్టు బట్టలు కూడా ఎవరో ఒకరు ఉతకాలి కదా.

ఆ ఏడు కప్పు ఎవరు గెలిచారని నన్నడక్కు, నాకు గుర్తులేదు. ఈ సంగతి మాత్రం నువ్వు గుర్తుపెట్టుకో బంగారం. మాట పట్టింపుతో కూర్చున్నవాళ్లు ఎవరైనా ఎదురైతే, కూర్చోబెట్టి చెప్పు.

రేకుల గదిలో మేకుకు ఆ చొక్కా అలాగే ఉండిపోయింది. పొట్టివాడు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. వీపుమీద మట్టి ఎండి, పగిలి, గాలి తగిలినప్పుడల్లా ఇసుకలా కొంచెం కొంచెం నేలమీదికి రాలుతూ ఉండేది.