అరుగు మీద పంతులమ్మ

వేములవాడలో పోశవ్వ ఇంటి అరుగు మీద పొద్దున ఏడింటికల్లా ఆరు చాటలు చేరతాయి. చాటనిండా తునికాకు, తంబాకు. చేతులు బీడీలు చుడుతుంటే నోళ్లు ఊరుకుంటాయా? వాడకట్టులో ఉన్నవాళ్లందర్నీ ఉతికి ఆరేస్తాయి. మూడు నెలలుగా మాత్రం ఆ అరుగు మీద మాట చెల్లేది ఒక్క ఫోన్ పంతులమ్మదే.

పోశవ్వ కోడలు కోమల రోగుల సేవ నేర్పే కోర్సులో చేరింది. పైసా ఖర్చు లేదు, ఫోన్లోనే పాఠాలు. ఆ పాఠాలు చెప్పే ఆడగొంతుకే అరుగు పంతులమ్మ అని పేరు పెట్టింది. సర్టిఫికెట్ సోమవారంలోగా చూపిస్తే కొలువిస్తామని కరీంనగర్‌లో ఒక ఆసుపత్రివాళ్లు అన్నారు. ఒంటరిగా చదువుకుందామంటే నెట్‌వర్క్ అరుగు దాటి లోపలికి రాదు. దాంతో పాఠం అందరిదీ అయింది. కోమల వంతు బీడీలు మిగతా ఐదుగురూ పంచుకుని చుట్టారు. పంతులమ్మ ప్రశ్న అడగడమే ఆలస్యం, అందరూ గొంతెత్తి జవాబు చెప్పేవారు.

అదే కొంప ముంచింది. శనివారం పరీక్షలో మొదటి ప్రశ్న వినబడగానే అలవాటుకొద్దీ అరుగంతా అరిచింది. పక్కవాళ్ల గొంతులు వినబడ్డాయంటూ పరీక్ష ఆగిపోయింది. ఇక మిగిలింది ఒక్క అవకాశం.

"జర నోరు మూసుకుంటే ఏం పోతుండెనే మీకు?" అని పోశవ్వ అందర్నీ తిట్టింది. అందరికంటే గట్టిగా అరిచింది తనే.

ఆదివారం అరుగు ఖాళీ చేయించి, తాను మాత్రం తలుపు చాటున చాట పెట్టుకుని కూర్చుంది. పద్దెనిమిది ప్రశ్నలు సాఫీగా గడిచాయి. అప్పుడు పంతులమ్మ గొంతు అడిగింది, మంచం మీద కదల్లేని రోగిని ఎన్ని గంటలకోసారి పక్కకు తిప్పాలని.

తెర మీది జవాబుల దగ్గర కోమల వేలు ఆగిపోయింది.

రెండు గంటలకోసారి. పోశవ్వకు తెలుసు. మొగుడు మల్లన్న పక్షవాతంతో ఏడు నెలలు మంచం పట్టి, వీపంతా పుండ్లు పడి చనిపోయాడు. ఈ పాఠం విన్న రోజు ఆమె చాట పక్కన పెట్టి, "గీ ముచ్చట గప్పుడు ఒక్కలన్న చెప్పలే గదనే" అని బోరున ఏడ్చింది. ఇప్పుడు జవాబు నాలుక చివర ఉంది. ఎక్కడ జారుతుందోనని చేతిలోని తునికాకు నోట్లో కుక్కుకుంది.

"అత్తమ్మ ఏడ్సిన పాఠం గిది" అని కోమల తనలో తాను గొణుక్కుని, రెండు గంటలన్న జవాబు నొక్కింది.

సాయంత్రానికి సర్టిఫికెట్ వచ్చింది. పోశవ్వ ఫోన్‌ని కళ్లకద్దుకుంది, సంతోషం పట్టలేకపోయింది. కాసేపటికే దిగులుపడింది.

"ఇగ పంతులమ్మ మన అరుగు మీదికి రాదా?"

"ఎందుకు రాదు అత్తమ్మా? పసిపిల్లల సేవ కోర్సు ఉన్నది. నీ పేరు రాస్తున్న."

కోమల అత్త పేరు నింపింది, వయసు నింపింది. తర్వాతి గడి దగ్గర ఆగింది.

"ఎంత చదివినవని అడుగుతుంది. గీ గడిల పదో తరగతి నుంచే ఉన్నయి."

బడి గడప తొక్కని పోశవ్వ బీడీకి దారం చుట్టి తెంపింది.

"మూడు నెలలని రాయి."