శని కాడ జెర టైం పడతది

ఎవరైనా ఎదుటివాడు కొత్త కంప్యూటర్ కొంటే ఏడుస్తారు. మన దేముడుబాబు తాను వదిలించుకున్న పాత కంప్యూటర్‌ను చూసి ఏడ్చాడు. అదీ అతని ఖర్మ.

చిలకలగూడలో అతనిది కంప్యూటర్ జాతకాల కొట్టు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. కొడుకు సూరి సాఫ్ట్‌వేర్‌లో చేరగానే తండ్రికి పెంటియం ఫోర్ కొనిపెట్టాడు. పాత పెంటియం వన్‌ను ఎదురుగా జిరాక్స్ కొట్టు నడిపే బ్రహ్మచారి అడిగి తీసుకున్నాడు. ఇచ్చేముందు సూరి సరదాపడి రెండు డబ్బాలనూ పక్కపక్కన పెట్టి, ఒకే జాతకాన్ని రెండింటికీ ఇచ్చాడు. కొత్తది మీట మీంచి వేలు తీసేలోపల లెక్క తేల్చేసింది. పాతది గుర్రుమంటూ మూలుగుతూ ఉండగానే ముగ్గురూ టీ తాగేశారు. తేలిన లెక్కలో మాత్రం అక్షరం తేడా లేదు.

"ప్రోగ్రాం ఒక్కటే నాన్నా. ప్రాసెసరే తేడా. దీని ముందు అది ఎడ్లబండి," అన్నాడు సూరి.

"నాకు ఎడ్లబండే చాలు," అని బ్రహ్మచారి దాన్ని భుజానికెత్తుకుని రోడ్డు దాటాడు. వెనక తండ్రీకొడుకులు పకపకా నవ్వుకున్నారు.

ఆ నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. బ్రహ్మచారి ఆ డబ్బాతో జిరాక్స్ పక్కనే జాతకాలూ మొదలుపెట్టాడు. 'రెప్పపాటులో జాతకం' అని దేముడుబాబు బోర్డు రాయించాడు. వచ్చినవాళ్లు పుట్టిన తేదీ చెప్పి కుర్చీలో సర్దుకునేసరికి కాగితం చేతికొచ్చేది. వాళ్లు కాగితం మానేసి అతని మొహంలోకి చూసేవాళ్లు.

"గప్పుడే అయిపోయిందా? శనిని సుత చూసిందా సార్?" అని అడిగాడు ఒకాయన.

"అన్నిటినీ చూసిందండీ బాబూ!"

"ఏమో. జెర తొందరపడ్డట్టున్నది," అని ఆయన లేచి తిన్నగా రోడ్డు దాటాడు.

ఆ తరవాత అందరూ దాటారు. బ్రహ్మచారి కొట్టు ముందు బల్లలు వెలిశాయి. పాత డబ్బా మూలుగుతుంటే అతను అగరొత్తి వెలిగించి, తెరమీద పాకే గీతను చూపిస్తూ, "చంద్రుడు దాటిండమ్మా. గురుడు దాటిండు. ఇగ శని. శని కాడ జెర టైం పడతది," అనేవాడు. జనం బుద్ధిగా తలలూపేవాళ్లు. శనీ లేదు, గినీ లేదు! ముప్పాతిక లెక్క అయ్యాక దాని హార్డ్ డిస్క్ మొరాయిస్తుంది. పక్కన ఒక్కటి చరిస్తే కదులుతుంది. ఏళ్ల తరబడి చరిచిన చెయ్యి దేముడుబాబుది. ఆ రోగాన్నే అక్కడ మహత్యం చేసి కూర్చోబెట్టాడు బ్రహ్మచారి.

దేముడుబాబుకు అన్నం సయించడం మానేసింది. కొట్లో ఈగలు తోలుకుంటూ ఎదుటి బల్లలకేసి చూసి కుళ్లిపోయేవాడు. "నా డబ్బా, నా ప్రోగ్రాం, దండాలు మాత్రం వాడికి! ఈళ్ల మొహాలు మండా!" అని భార్య నూకరత్నం దగ్గర పళ్లు నూరేవాడు. ఆవిడ తన పని తాను చేసుకుపోయేది. అదీ అతనికి మంటే.

అంతలో సూరికి మల్కాజ్‌గిరి నుంచి సంబంధం వచ్చింది. పిల్ల పేరు కుమారి. పిల్లా పిల్లాడూ చూసుకున్నారు, ఇష్టపడ్డారు. ఇక జాతకాలు కలవడమే తరువాయి. పొద్దున్నే దేముడుబాబు కొట్టుకెళ్లి రెండు జాతకాలూ వేశాడు. ముప్పై ఆరుకి ఇరవై ఏడు గుణాలు! ఇంటికి పరుగెత్తి కాగితం భార్య చేతిలో పెట్టాడు.

"భేషుగ్గా కలిసాయే!"

"అప్పుడేనా?" అంది నూకరత్నం.

మధ్యాహ్నం కొట్లో కునుకు తీసి లేచి, అలవాటు చొప్పున ఎదుటికి చూశాడు. బల్లమీద తలల్లో ఒకటి తెలిసిన తలే. కనకాంబరాలు పెట్టుకున్న తల.

ఒక్క ఉరుకున రోడ్డు దాటాడు. "ఏటే ఇది? నా పరువు తీస్తావేటి?" అన్నాడు గొంతు తగ్గించి.

"అరవకండి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదేటి. గుంటడి జీవితమండీ. ఒక్కసారి నిదానంగా చూడనివ్వండి."

"కూసో అన్నా. మన వదినదే నడుస్తున్నది. గురుడు దాటిండు," అన్నాడు బ్రహ్మచారి. మాటలో ఎగతాళి లేదు.

ఆ మర్యాదకే దేముడుబాబుకు ఒళ్లు మండిపోయింది. భార్యను లేవదీద్దామని చెయ్యి చాచాడు. సరిగ్గా అప్పుడే గీత ఆగింది. డబ్బా కర్రుమని ఊరుకుంది. బల్లమీద మాటలన్నీ ఆగిపోయాయి.

"శని," అంది ఎవరో ముసలావిడ. నూకరత్నం చేతులు జోడించింది.

హార్డ్ డిస్క్, అనుకున్నాడు దేముడుబాబు. వట్టి హార్డ్ డిస్క్. ఒక్కటి చరిస్తే సరి. చెయ్యి లేవలేదు. గీత కదల్లేదు. పొద్దున తాను తీసిన ఇరవై ఏడు మీద ఉన్నట్టుండి అనుమానం పుట్టింది. అంత తొందరలో అది నిజంగా శనిని చూసిందా? పెళ్లిచూపుల్లో ఆ పిల్లను చూసి సూరి మొహం ఎలా వెలిగిందో గుర్తొచ్చింది. బాబ్బాబు, కదులు తల్లీ, అనుకున్నాడు. చూసుకుంటే తన చేతులు కూడా జోడించే ఉన్నాయి.

గీత కదిలింది. ముప్పై ఆరుకి ఇరవై ఏడు.

నూకరత్నం కళ్లు తుడుచుకుని బ్రహ్మచారికి దండం పెట్టింది. ఆ దండం చూసేసరికి దేముడుబాబు కడుపు రగిలిపోయింది.

"పొద్దున నేను చెప్పిందీ ఇదే కదే!"

"మీరు చెప్పారు," అంది ఆవిడ. "ఈయన చూసి చెప్పారు."

ఆవిడ మెట్లు దిగేదాకా ఆగి, దేముడుబాబు సిగ్గు విడిచి బ్రహ్మచారి చెవిలో అన్నాడు. "ఇది నాకిచ్చేయ్. నా పెంటియం ఫోర్ నువ్వు తీసుకో. పైసా అడగను."

"మాఫ్ చెయ్ అన్నా. నీది మంచిదే. గానీ దాని ముంగట ఎవలు కూసుంటరు?"

మర్నాడు ఎదుటి బల్లమీద చోటు లేక ఒక జంట దేముడుబాబు కొట్లోకి వచ్చింది. వివరాలు కొట్టి మీట నొక్కాడు. లెక్క తెరమీదికి వచ్చేసింది. దేముడుబాబు తెరను మెల్లగా తనవైపు తిప్పుకున్నాడు. అగరొత్తి వెలిగించాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"అయిందా సార్?" అన్నాడు భర్త.

"ఉండండి బాబూ," అన్నాడు దేముడుబాబు తెరమీంచి కళ్లు తిప్పకుండా. "శని దగ్గరుంది."

ఇద్దరూ చేతులు జోడించారు.