చుక్క ఒకచోట, చూపు ఒకచోట

మా అన్నయ్యకు మెదడంతా వేళ్లలోనే ఉంటుంది. కోడ్ రాసే ఎడిటర్‌లో మార్పులు చెరిపేసే మీట నొక్కుతాడు. "నిజంగా చెరపనా?" అని అది అడిగేలోపే అవును కూడా నొక్కేస్తాడు. ఇక ఆ ప్రశ్న ఉండి ఏం లాభం?

ఆ ఎడిటర్‌లో ఫైళ్ల పాత ప్రతులను దాచే భాగం మేమిద్దరమే రాసుకున్నాం. పట్టికలో ఏ ఫైళ్ల పక్కన చుక్క పెడితే మీట వాటి మీదే పనిచేస్తుంది, తెర మీద వేరే ఫైలు ఉన్నా సరే. ఎప్పుడో పెట్టి మరిచిపోయిన చుక్కలు కొంప ముంచుతాయని, కళ్ల ముందున్న ఫైలునే తీసుకోవాలని నా వాదన.

"చూసుకుని నొక్కడం నేర్చుకో తల్లీ" అని అన్నయ్య కొట్టిపారేసేవాడు. నాకు ఒళ్లు మండింది. ఆ ఉదయం చెప్పాపెట్టకుండా పద్ధతి మార్చేశాను. భోజనాల వేళ చూపించి గొప్పలు పోదామనుకున్నాను.

ఈలోగా ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. నెలలు నిండని పసికందులను వెచ్చగా ఉంచే పెట్టెకు సాఫ్ట్‌వేర్ మాదే. లోపల వేడి పడిపోయినా అలారం మోగలేదట, తనే చూసి పెంచిందట. మిగతా పెట్టెలన్నీ నిండిపోయాయి.

"మళ్లీ చల్లబడితే తెలియాలని బిడ్డ మీద చెయ్యేసుకుని నించున్నాను. వార్డులో ఇంకా పిల్లలున్నారు సార్, తొందరగా కానివ్వండి" అంది.

అన్నయ్య స్పీకర్ పెట్టి కూర్చున్నాడు. అలారం ఫైలులో తప్పు పట్టుకుని సరిచేశాడు. మా గదిలోని నమూనా పెట్టె మీద పరీక్షిస్తే కీచుమంటూ మోగింది. "అయిపోయిందమ్మా, పంపేస్తున్నాను" అని నర్సుకు చెప్పాడు. పరీక్ష కోసం వేరే రెండు ఫైళ్లలో రాసిన వరుసలు చెరిపితే పంపేయవచ్చు. ఆ రెండింటికీ చుక్కలు పెట్టాడు. తెర మీద మాత్రం అలారం ఫైలే ఉంది.

"అన్నయ్యా, ఆగు" అనేలోపే రెండు మీటలూ నొక్కేశాడు.

సరిచేసినదంతా పోయింది. ఇంకా ప్రతి దాచలేదు కాబట్టి తిరిగి తెచ్చుకునే దారి లేదు.

"ఇదేంటి? చుక్కలు వాటికి కదా పెట్టాను?"

"నేనే మార్చాను. పొద్దున."

అన్నయ్య నా వైపు చూశాడు. తిట్టినా బాగుండేది.

"పంపించారా సార్?" అంది నర్సు.

"ఇంకాస్త ఆగాలమ్మా. బిడ్డ దగ్గరే ఉండండి."

మళ్లీ మొదటినుంచి రాశాడు. నేను పక్కన నిలబడి వరుస వరుసా సరిచూశాను. ఒకచోట అతని చేయి ఆగింది.

"వేడి హద్దుకు సరిగ్గా సమానమైతే మోగాలా, వద్దా?"

"మోగాలి. ఇందాక అలాగే రాశావు."

పరీక్షించి పంపాం. ఫోన్‌లో కాసేపు ఊపిరి చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. తర్వాత నర్సు పరీక్షించగానే అక్కడి అలారం మోగింది. నాకు ఏడుపొచ్చింది.

"నీ పద్ధతే మంచిది" అన్నాడు అన్నయ్య మెల్లగా. "ఆ సంగతి నా వేళ్లకు తెలీదు కదమ్మా. చుక్క ఒకచోట, చూపు ఒకచోట ఉంటే ఏదీ చెరపకూడదు. ఏ ఫైలో పేరు టైపు చేయమనాలి."

సరేనని తలూపాను.

"సార్" అంది నర్సు. "బిడ్డ తల్లి ఇక్కడే ఉంది. ఇందాక అయిపోయిందనే అన్నారు కదా, మళ్లీ ఎందుకు ఆలస్యమైందని అడుగుతోంది. ఏం చెప్పమంటారు?"

అన్నయ్య నోరు తెరవబోయాడు. నేను ఫోన్ నా వైపు లాక్కుని, ఆ తల్లికే ఇవ్వమన్నాను.