ఇద్దరి బండి

బోయిగూడలో మా కట్టెల అడితి బండి ఇరుసు విరిగిన రోజున సేటు హరికిషన్ గారు నన్ను పిలిచారు.

"కొత్త బండి నువ్వే జూసి చెప్పు గవరమ్మా. గుంజేది నువ్వే గదా," అన్నారు.

పదకొండేళ్ళలో ఆయన నన్నొక సలహా అడగడం అదే మొదలు. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. గుంజేది నువ్వే అంటాడేమిటి? ఆ బండి లాగింది మేమిద్దరం, నేనూ సత్యవేణీ.

కోత మిషను దగ్గర్నుంచి పేర్చిన గుట్టల దాకా, గుట్టల నుంచి తూకం వేసే కాటా దాకా చీల్చిన కట్టెలు చేరవేయడమే మా పని. పొడుగు బండి. ముందు కాడి పట్టుకుని నేను లాగేదాన్ని, వెనక ఇనప కమ్మీ పట్టుకుని సత్యవేణి తోసేది. ముందున్న మనిషి నడుస్తుండగా వెనక్కి తిరగకూడదు. తిరిగితే కాడి పక్కకు పోయి కట్టెలు జారి కాళ్ళ మీద పడతాయి. అందుకని పదకొండేళ్ళూ నేను దాని మొహం కన్నా గొంతునే ఎక్కువ ఎరుగుదును. ఇద్దరిదీ చీపురుపల్లి వైపే; అక్కని పిలిచినట్టు నన్ను అప్పా అనేది. పొద్దున షురూ చేస్తే సాయంత్రం దాకా అది చెబుతూనే ఉండేది, నేను తిడుతూనే ఉండేదాన్ని. బండి ఎప్పుడు కాటా చేరేదో తెలిసేది కాదు.

అప్పట్లో ఊరంతా కంప్యూటర్ల వెర్రి. మాదాపూర్‌లో రోజుకొక అద్దాల మేడ లేచేది. వాటిని తుడవడానికి ఆడవాళ్ళు కావాలంటూ ఒక కాంట్రాక్టరు మా గల్లీకి వచ్చాడు. పొద్దున ఆరింటికి వ్యాను, నీలం యూనిఫారం, మెడలో కార్డు.

"నువ్వు కూడా రా అప్పా," అంది సత్యవేణి.

"అద్దాలు తుడుసుకోడానికేటే ఇంత దూరం వొచ్చింది? నాను రాను," అన్నాను.

"మూడు నెల్లే కదా అప్పా. ఎలగుందో సూసీసి వొచ్చీస్తాను."

మూడు నెలలు దాటి పది రోజులైంది. అది అడితికి తిరిగి రాలేదు; పొద్దున వ్యానెక్కితే రాత్రెప్పుడో గల్లీకి చేరేది, ఎదురుపడేదే కాదు. రాదని కూడా చెప్పలేదు. ఇప్పుడు ఒక్క మనిషి లాగే బండి కొంటే, ఇక నువ్వు రానక్కర్లేదని నేనే దానికి చెప్పినట్టు అవుతుంది. నాకు పట్టుకున్న బెంగ అదే.

మధ్యలో సేటు రోసమ్మని పెట్టారు. మంచి మనిషే, గట్టిగానే తోసేది. కానీ నోట్లోంచి ఒక్క మాట వచ్చేది కాదు. వెనక మనిషి ఉండీ మాట లేకపోతే నాకు పిచ్చెక్కినట్టుండేది. రెండో రోజుకే ఏదో వంక పెట్టి పంపేశాను. ఆ పాపం నాదే.

బండి కోసం కార్ఖానా బస్తీలో బండ్లు చేసే దేవానందం షెడ్డుకు వెళ్ళాను. ఏ బరువుకు ఏ బండో చూపుతోనే చెప్పగల మనిషి. గాలి టైర్ల బండి చూపించాడు.

"అడితి నిండా పేడులూ మేకులే. వారానికోపాలి పంచరు. వొద్దు," అన్నాను.

రేకు వేసిన బండి చూపించాడు. వానకు తుప్పు పడుతుంది, కట్టె వేసినప్పుడల్లా చెవులు చిల్లులు పడతాయి. అదీ వద్దన్నాను. చివరికి తుమ్మ చెక్క, లావు ఇరుసు, గట్టి రబ్బరు చక్రాల దగ్గర ఇద్దరికీ మాట కుదిరింది.

"గుంజేటోళ్ళు ఎందరమ్మా?" అన్నాడు.

నేను చక్రాన్ని ఒకసారి తిప్పి చూశాను.

"ఒక్కదానివే అయితే చక్రాలు నడిమిట్ల పెడతా. బరువు దాని మీదనే ఆగుతది, నీకు తక్లీఫ్ ఉండదు. ఇద్దరైతే పొడుగు జేసి, వెనక కమ్మీ ఏస్తా. గా బండి ఒక్కదానివే గుంజితివా, నడుము పోతది."

"ఇద్దరమే. రెండో మనిషి వొస్తాది," అన్నాను.

"ఎప్పుడొస్తది?"

"నీకెందుకయ్యా? కమ్మీ వెయ్యి."

అతను టేపు తీసి కమ్మీ కొలత రాసుకున్నాడు.

బండి వచ్చింది. ఏళ్ళ తరబడి నిలిచే బండే, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. లాగడమే నా వల్ల కావడం లేదు. సగం బరువు వేసినా భుజాలు పీకేవి. గుట్టల నుంచి కాటా దాకా నేల కొంచెం మిట్ట. అక్కడ రెండుసార్లు ఆగి, చెంగుతో చెమట తుడుచుకుని, మళ్ళీ ఎత్తుకునేదాన్ని. సేటు కొట్లోంచి చూస్తూ ఉండేవారు. నేను అటు చూసేదాన్ని కాదు. నొప్పి సంగతి అలా ఉంచి, రోజంతా ఎవరితోనూ మాట్లాడకపోవడం నాకు చేతకాలేదు. మధ్యాహ్నం కట్టెల మీద కూర్చుని అన్నం సగం తిని గిన్నెకు మూత పెట్టేసేదాన్ని.

ఆ శుక్రవారం బిర్యానీ హోటలు వాళ్ళు కట్టెల కోసం తొందర పెడితే మొండికేసి నిండా బరువు వేశాను. మిట్ట దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు జారిపోతున్నాయి. ఇక వదిలేస్తానేమో అనుకుంటుండగా బండి తేలికైంది. వెనక కమ్మీ మీద చేతులు పడ్డాయి. అది నా భుజాలకు తెలిసింది.

తిరగకూడదు కనక తిరగలేదు.

"ఇప్పుడా రావడం? ఇన్నాళ్ళూ ఏటి సేసినావే?" అన్నాను.

జవాబు లేదు. అలిగింది కాబోలు అనుకున్నాను. నేనంత మాట అన్నాను కదా అద్దాల గురించి. ఇక నా నోరు ఆగలేదు. మూడో గుట్ట వెనక పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టిందని చెప్పాను. గల్లీలో కమలాబాయి మళ్ళీ కోడలితో పోట్లాడి వీధిలోకి వచ్చిందని చెప్పాను. మోకాలు వాచిందని, ఎవరికీ చెప్పలేదని చెప్పాను.

"రోజూ ఆరింటికి గల్లీ సివర నిలబడి నీ వేను సూసి వొస్తన్నాను. నీకు కనబడకుండా," అన్నాను. "నిన్నేటీ అన్ను. ఇంక ఎప్పుడూ తిట్టను. నువ్వు తప్ప ఈ ఊళ్ళో నాకెవురున్నారే? నువ్వెల్లిపోయినాక నన్ను అప్పా అని పిలిసినోళ్ళు లేరే!"

నాకు ఏడుపు వచ్చేసింది. ఏడుస్తూనే లాగాను. కాటా దగ్గర కాడి దించి, మొహం తుడుచుకుని, నవ్వుతూ వెనక్కి తిరిగాను.

హరికిషన్ సేటు. డెబ్బై ఏళ్ళ మనిషి రెండు చేతులా కమ్మీ పట్టుకుని వగరుస్తున్నారు. తెల్ల లాల్చీ అంతా బెరడు పొట్టు. అడితి పెట్టిన నాటి నుంచి ఒక్క కట్టె ముట్టుకోని మనిషి.

సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే కోపం వచ్చింది.

"సెప్పొద్దా బాబూ, నువ్వని!"

"ఎట్ల జెప్పాలె? మాట్లాడుతనే ఉంటివి," అన్నారు. లాల్చీ మీది పొట్టు దులుపుకున్నారు. "సోమవారం సత్యవేణి ఫోన్ జేసింది, గవరమ్మా. ఆమెను పర్మినెంట్ జేసిన్రంట. గాడనే, కంపెనీ దగ్గరనే రూమ్ తీసుకుంటదంట. నీకు నన్ను జెప్పమన్నది. అప్ప గొంతు ఇంటే నేను పోలేను అని ఏడ్చింది. నాకేమో నీకు చెప్పనీకి నోరు రాలే. నాలుగు దినాల సంది నువ్వు గిట్ల గుంజుతుంటే సూడలేక, జెరంత తోద్దామని వస్తి."

నేను కాటా మీదికి కట్టెలు దించడం మొదలుపెట్టాను. ఆయనా ఒక కట్టె అందుకోబోతే వద్దన్నాను. బండి ఖాళీ అయ్యేదాకా ఆయన పక్కనే నిలబడ్డారు.

"రేపు మళ్ళ జేస్తదంట," అన్నారు. "అప్ప కోపంగా ఉన్నదా, ఎట్ల ఉన్నది అని అడుగుతది. ఏం జెప్పాలె?"

"కొత్త బండి వొచ్చిందని సెప్పండి బాబూ," అన్నాను. "ఒక్కదాన్నే లాగీస్తన్నానని సెప్పండి. అస్సలు బరువే లేదని సెప్పండి."